పాత ల్యాప్‌టాప్‌ను తక్కువ ఖర్చుతో వేగంగా పని చేయించడం ఎలా?

మీట నొక్కాక డెస్క్‌టాప్ కనబడడానికి నాలుగైదు నిమిషాలు. బ్రౌజర్ తెరవబోతే మళ్లీ నిరీక్షణ. మౌస్ కదులుతుంది గానీ నొక్కిన చోట ఏమీ జరగదు. కొత్తది కొనే వీలు ఇప్పట్లో లేదు, ఉన్నదాన్నే బాగు చేసుకునే దారి ఉందా అని పాఠకులు అడుగుతూనే ఉన్నారు. ఉంది. ఎనిమిది, పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ కూడా పాఠాలు వినడానికి, ఉత్తరాలు రాయడానికి, లెక్కలు వేసుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

అయితే అడిగేవాళ్లలో చాలామంది ‘ర్యామ్ పెంచితే చాలు కదా’ (ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాంలను పని జరిగేంతసేపు పట్టి ఉంచే మెమరీ) అనే నిర్ణయానికి ముందే వచ్చేసి ఉంటారు. జబ్బేమిటో తెలియకుండా మందు కొనడం లాంటిది అది. నేను తెరిచి చూసిన పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువసార్లు అడ్డుపడింది హార్డ్ డిస్కే. దాన్ని అలాగే ఉంచి ర్యామ్‌కు డబ్బు పెట్టినవాళ్లు ‘ఏమీ తేడా రాలేదు’ అని బాధపడుతూ మళ్లీ వస్తారు. అందుకే కింది వరుస మార్చకండి. ముందు కొలవడం, తర్వాత ఖర్చు లేని పనులు, చివరికే కొనుగోలు.

ఇక్కడ చెప్పినవి విండోస్ 10, 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకు.

కావలసినవి

- మీ ఫైళ్లన్నీ పట్టే పెన్‌డ్రైవ్ గానీ ఎక్స్‌టర్నల్ డిస్క్ గానీ
- ఖాళీగా ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి (విండోస్ గానీ, దాని బదులు వాడుకోగల ఉచిత వ్యవస్థ లినక్స్ గానీ ఎక్కించడానికి)
- పీహెచ్0 సైజు స్టార్ స్క్రూడ్రైవర్
- మూత విప్పడానికి పాత ప్లాస్టిక్ కార్డు
- మెత్తని బ్రష్, తెల్ల కాగితం, పెన్సిల్
- ఫోను: కాలం కొలవడానికి, ఫొటోలు తీయడానికి

1. ముందు కొలిచి రాసుకోండి

ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, డెస్క్‌టాప్ వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. తర్వాత బ్రౌజర్ మీద నొక్కి, ఒక పేజీ పూర్తిగా తెరుచుకునేదాకా కొలవండి. మీరు రోజూ వాడే ఇంకొక ప్రోగ్రాంతోనూ అలాగే చేయండి. మూడు అంకెలనూ కాగితం మీద వేసి తేదీ రాయండి. ఈ పని దాటవేసేవాళ్లే ఎక్కువ. తర్వాత వాళ్లకు ఏ మార్పు ఎంత మేలు చేసిందో తెలియదు.

2. పని ఎక్కడ ఆగిపోతోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగానికి వెళ్లండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అని వరుసగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ ఆన్ అయిన వెంటనే ఒకసారి, మీ మామూలు పనిలో ఉండగా మరోసారి ఈ మూడింటినీ గమనించండి.

డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోయి, సీపీయూ 10, 15 శాతం మించకపోతే ప్రాసెసర్ ఖాళీగానే ఉందని, డిస్క్ అందించే సమాచారం కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఎడమవైపు డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ (తిరిగే పళ్లెం ఉండే హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్క్) అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అని ఉంటే మీ సమస్యకు మూలం దాదాపుగా దొరికినట్టే.

మెమరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ అందులో పట్టనిదాన్ని డిస్క్ మీదికి తరలిస్తుంది, దాంతో డిస్క్ కూడా 100 చూపిస్తుంది. కాబట్టి రెండింటినీ కలిపి చదవండి. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100లో ఉంటే తప్పు డిస్క్‌దే.

సీపీయూ 100 దగ్గర ఉంటే ప్రాసెసెస్ భాగంలో ఏ ప్రోగ్రాం తినేస్తోందో చూడండి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్ లాంటివైతే గంటసేపు వదిలేసి మళ్లీ కొలవండి.

నాలుగోది చాలామంది గమనించరు. సీపీయూ పేజీలో ‘స్పీడ్’, ‘బేస్ స్పీడ్’ అని రెండు అంకెలు ఉంటాయి. పని గట్టిగా జరుగుతున్నప్పుడు కూడా స్పీడ్ అనేది బేస్ స్పీడ్ కంటే బాగా తక్కువలో ఇరుక్కుపోయి ఉంటే, కారణం వేడి కావచ్చు, ఛార్జర్ కావచ్చు. అయిదో అంచెలో చెబుతాను.

3. మీ ఫైళ్లు వేరే చోట దాచండి

దీని తర్వాతే మిగతా ఏ పనైనా. ఫొటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు అన్నీ బయటి డిస్క్‌కు ఎక్కించండి. ఎక్కించాక ఊరుకోకుండా, వాటిలో నాలుగైదు ఫైళ్లను మరో కంప్యూటర్‌లోనో ఫోనులోనో తెరిచి చూడండి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయాలు) ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే తర్వాత మీ డిస్క్‌ను మీరే తెరవలేని పరిస్థితి రావచ్చు.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూడండి. ‘గుడ్’ అని ఉంటే సరే. ‘కాషన్’ లేదా ‘బ్యాడ్’ అని ఉంటే ఆ డిస్క్‌ను నమ్మకండి. దానికి ఎంత శుభ్రం చేసినా వేగం రాదు, పైగా ఏ రోజైనా ఆగిపోవచ్చు. డిస్క్ నుంచి టకటకమనే చప్పుడు వస్తుంటే ఆరోగ్య పరీక్షల కోసం కూడా ఆగకండి, ముఖ్యమైన ఫైళ్లను ముందు బయటకు తీయండి.

4. ఖర్చు లేని పనులు

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే భాగం ఉంది. ల్యాప్‌టాప్ ఆన్ అవగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాంల జాబితా అది. చాటింగ్ యాప్‌లు, ఆటల లాంచర్లు, ప్రింటర్ సహాయకులు అన్నీ అక్కడ ఉంటాయి. అక్కర్లేనివాటి మీద కుడి మీట నొక్కి డిసేబుల్ చేయండి. ప్రోగ్రాం పోదు, మీరు పిలిచినప్పుడే వస్తుంది. ఆడియో, టచ్‌ప్యాడ్, యాంటీవైరస్‌లకు సంబంధించినవి మాత్రం ఉండనివ్వండి. పేరు చూసి అర్థం కాకపోతే వెతికి తెలుసుకున్నాకే ముట్టుకోండి.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి సరిపోతుంది. దానితో ఒకసారి పూర్తి స్కాన్ నడపండి. కొన్నిసార్లు సీపీయూను తినేసేది మీకు తెలియకుండా చొరబడిన ప్రోగ్రామే.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ భాగానికి వెళ్లి తాత్కాలిక ఫైళ్లను తుడిచేయండి. జాగ్రత్త, ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. దాని పక్కన గుర్తు పెట్టి, ఎంతో అవసరమైన పత్రాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సీ డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉండేట్టు చూసుకోండి.

బ్రౌజర్‌లో వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అనే సదుపాయాలు ఉన్నాయి, వాటిని ఆన్ చేయండి. 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క మార్పే కంటికి కనిపించే తేడా ఇస్తుంది.

వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలుకాదు. రీస్టార్ట్ చేస్తేనే అవుతుంది. పవర్ మోడ్ ‘బ్యాటరీ సేవర్’లో ఇరుక్కుని ఉందేమో కూడా ఓసారి చూడండి. యానిమేషన్లు ఆపేయడం లాంటివి చేసుకోవచ్చు గానీ వాటితో పెద్దగా ఒరిగేది లేదు.

ఇక చేయకూడనివి. రిజిస్ట్రీ క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు ఎక్కించకండి. వేగం పెంచుతామని వచ్చి అవే స్టార్టప్‌లో కూర్చుంటాయి. పేజ్ ఫైల్‌ను (ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీద దాచే ఫైలు) ఆపేయమని చెప్పే సలహా వినకండి. ర్యామ్ తక్కువున్న చోట అది ఆపితే మీరు పనిలో ఉండగానే ప్రోగ్రాంలు మూసుకుపోతాయి. ఎస్‌ఎస్‌డీని బయటి ప్రోగ్రాంలతో డీఫ్రాగ్ చేయకండి, దానికి కావలసిన నిర్వహణ విండోస్ తనంతట తానే చేసుకుంటుంది.

5. వేడి, ఛార్జర్

ఫ్యాన్ హోరుమంటూ, అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి బయటకు వచ్చే చీలికల్లో బయటి నుంచి బ్రష్ తిప్పితే పై దుమ్మే పోతుంది. అసలు అడ్డు లోపల ఉంటుంది. ఫ్యాన్‌కూ రాగి రేకుల వరుసకూ మధ్య దుమ్ము చేరి చేరి, దుప్పటి ముక్కలా దట్టంగా అల్లుకుపోతుంది. ఒక ల్యాప్‌టాప్‌లో దాన్ని ట్వీజర్‌తో పట్టి లాగితే వేలెడు పొడవు బూడిదరంగు పట్టీ ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దాని యజమాని అప్పటికి ఏడాదిగా కొత్త ల్యాప్‌టాప్ కోసం డబ్బు కూడబెడుతున్నారు.

మూత తీసినప్పుడు (తీసే విధానం ఆరో అంచెలో ఉంది) ఆ పొరను తీసేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, విపరీతమైన వేగంతో తిరిగితే పాడవుతుంది. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి అందించే పూత) ఎండిపోయి ఉంటే మార్చవచ్చు. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిన్న బఠాణీ గింజంత పెడితే చాలు. చేయి తిరగనివాళ్లు దీన్ని తెలిసినవాళ్లకు వదిలేయడం మంచిది.

ఇక ఛార్జర్. ఒక స్నేహితురాలి ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. డిస్క్ బాగానే ఉంది, ర్యామ్ బాగానే ఉంది, సీపీయూ స్పీడ్ మాత్రం 0.8 గిగాహెర్ట్జ్ దాటడం లేదు. అంతకు వారం ముందే ఛార్జర్ మార్చారని మాటల్లో తెలిసింది. 65 వాట్లది ఉండవలసిన చోట 45 వాట్లది వచ్చింది. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమకు సరిపడని ఛార్జర్‌ను గుర్తించి వేగాన్ని అణిచేస్తాయి. ల్యాప్‌టాప్ అడుగున, ఛార్జర్ మీద ఉన్న అంకెలు పోల్చి చూడండి. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపినప్పుడు వేగం పుంజుకుంటే అనుమానం నిజమైనట్టే.

6. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం

రెండో అంచెలో హెచ్‌డీడీ అని తేలితే, మీ దగ్గరున్న కాస్త డబ్బునూ దీనికే పెట్టండి. కారణం ఒక్కటే. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ కదిలి చదవాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు సుమారు 100 సార్లే అందుకోగలదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, అదే పనిని సెకనుకు వేలసార్లు చేస్తుంది. విండోస్ మొదలవడమంటేనే అలాంటి వేల చిన్న ఫైళ్లు చదవడం.

*ఏది కొనాలి?* పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత పద్ధతి) రకాన్ని తీసుకుంటాయి. మందం 7 మిల్లీమీటర్లు. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది కాస్త వదులుగా ఉంటుంది, సందులో పెట్టే ప్లాస్టిక్ చట్రం చాలాసార్లు దానితోపాటే వస్తుంది. ఎం.2 స్లాట్ (సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) ఉన్నవాళ్లు అది సాటానా, ఎన్‌వీఎంఈనా (ఇంకా వేగమైన పద్ధతి) అన్నది మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనండి. స్లాట్‌లో పట్టినంత మాత్రాన పని చేస్తుందని కాదు. పరిమాణం 240 లేదా 256 జీబీ సరిపోతుంది. 120 జీబీది తొందరగా నిండి మళ్లీ మొదటికి తెస్తుంది. నమ్మశక్యం కానంత చవకగా 2 టీబీ ఇస్తామనే పేరులేని సరుకు జోలికి పోకండి. లోపల చిన్న మెమరీ పెట్టి పెద్ద అంకె చూపించేవి ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ నిండా రాసి, తిరిగి చదివి నిజం తేల్చుకోవచ్చు.

*క్లోన్ చేయాలా, కొత్తగా విండోస్ ఎక్కించాలా?* క్లోన్ చేస్తే, అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి నకలు తీస్తే, ప్రోగ్రాంలన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, కానీ యూఎస్‌బీ నుంచి సాటా తీగ కావాలి, పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి చేయడంలో చిక్కులున్నాయి, ఏళ్లుగా పేరుకున్న చెత్త కూడా వెంట వస్తుంది. నా సలహా కొత్తగా ఎక్కించడమే. విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి, ఇప్పటికే యాక్టివేట్ అయి ఉంటే డిస్క్ మారినా అదే ఎడిషన్ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే మళ్లీ యాక్టివేట్ అవుతుంది. కీ అడిగితే ‘ఐ డోంట్ హావ్ ఎ ప్రోడక్ట్ కీ’ నొక్కండి.

*మూత విప్పే ముందే* మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి. వైఫై డ్రైవర్‌ను (వైఫైని పని చేయించే ప్రోగ్రాం) మరో పెన్‌డ్రైవ్‌లో దాచండి. డిస్క్ ఊడదీశాక ఇవి గుర్తొస్తే పక్కవాళ్ల కంప్యూటర్ వెతుక్కోవాలి.

ఇప్పుడు పని:

క. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే అదీ తీసేయండి. లోపల ఉండే రకమైతే మూత తీయగానే దాని కనెక్టర్‌ను మెల్లగా విడదీయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే అక్కడితో ఆపండి. నొక్కకండి, గుచ్చకండి, ముందు దాన్ని మార్పించండి.

చ. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఊడదీసిన స్క్రూ ఎక్కడిదో అక్కడే కాగితానికి గుచ్చండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కొన తగిలి పైభాగం ఉబ్బుతుంది. రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు మరిచిపోయి మూతను బలంగా లాగి విరగ్గొట్టడం మరో మామూలు పొరపాటు.

ట. లోహపు వస్తువు దేన్నైనా ముట్టుకుని ఒంట్లో స్థిర విద్యుత్తు పోగొట్టుకోండి. ఫొటో తీసి, పాత డిస్క్‌ను కనెక్టర్ నుంచి పక్కకు జరిపి తీయండి, పైకి లేపకండి. దాని చట్రాన్ని కొత్తదానికి బిగించి అదే దారిలో లోపలికి జరపండి.

త. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కండి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటివి ఉంటాయి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కొత్త డిస్క్ పేరు కనిపించకపోతే అది సరిగా కూర్చోలేదన్నమాట. అక్కడే సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందో లేదో కూడా విండోస్ ఎక్కించకముందే చూడండి.

పాత డిస్క్ బయట ఉండగానే విండోస్ ఎక్కించండి. రెండూ లోపల ఉంటే తొందరలో మీ ఫైళ్లున్న డిస్క్‌ను తుడిచేసే ప్రమాదం ఉంది.

7. ర్యామ్

టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. 2లో 1 అని ఉంటే ఖాళీ ఉన్నట్టే. 4 నుంచి 8 జీబీకి వెళితే బ్రౌజర్ వాడేవాళ్లకు బాగా తెలుస్తుంది. 8 ఉండి, సగం కూడా నిండనివాళ్లు 16 కొనడం దండగ.

పాత ర్యామ్ స్టిక్కు మీది చీటీ చదవండి. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు. డీడీఆర్3లోనే 1.5 వోల్టులది, 1.35 వోల్టులది రెండు రకాలు. చీటీ మీద పీసీ3ఎల్ అని ఉంటే అది తక్కువ వోల్టేజీది, అదే రకం కొనండి. చీటీ అందకపోతే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం చూపిస్తుంది. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీకి మించి వాడుకోలేదు, ముందు 64 బిట్ ఎక్కించాలి.

స్టిక్కును ఏటవాలుగా, బంగారు రంగు పళ్లు దాదాపు కనబడనంతగా లోపలికి తోసి, తర్వాత కిందికి వంచండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకోవాలి. ఒక్కవైపే చప్పుడైతే కూర్చోలేదు. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోతే కంగారు పడకండి, తీసి మళ్లీ పెట్టండి.

8. అయినా బరువుగానే ఉంటే

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (బోర్డు మీది భద్రతా చిప్), కొత్త తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి చాలా పాత ల్యాప్‌టాప్‌లు దానికి అర్హం కావు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉచితం, తేలికైనది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ పని చేస్తున్నాయని తేలాకే ఎక్కించండి. మీ పనికి విండోస్‌లోనే నడిచే ప్రోగ్రాం తప్పనిసరైతే ఈ దారి మీకు కాదు.

ర్యామ్ బోర్డుకు అతికించి, డిస్క్ బదులు 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన చిన్న నిల్వ చిప్) ఉన్న చిన్న ల్యాప్‌టాప్ అయితే దానిమీద ఖర్చు పెట్టకండి. నాలుగో అంచె, లినక్స్, ఈ రెండే దానికి మార్గం.

9. ఫలితం సరిచూడండి

మొదట రాసుకున్న మూడు కొలతలూ అదే పద్ధతిలో మళ్లీ తీయండి. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినవాళ్లకు నిమిషాలు సెకన్లుగా మారాలి. మారకపోతే టాస్క్ మేనేజర్‌లో మళ్లీ రెండో అంచె చేయండి, ఇప్పుడు అడ్డం వేరే చోట ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు ఉంటే ఆ డ్రైవర్ ఎక్కించండి. కొత్త ర్యామ్ వేసినవాళ్లు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌ను ఒకసారి నడపండి. తెర ఉన్నట్టుండి నీలంగా మారడం, ఫైళ్లు పాడవడం లాంటివాటికి లోపమున్న స్టిక్కు కారణమైతే అక్కడే బయటపడే అవకాశం ఎక్కువ.

పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. తేదీ రాసి ఒక కవర్లో పెట్టి నెల రోజులు అలాగే ఉంచండి. మరిచిపోయిన ఫోల్డరేదో ఈలోగా గుర్తొస్తుంది. ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ‘గుడ్’ అని ఉన్న డిస్క్‌నైతే యూఎస్‌బీ పెట్టెలో బిగించుకుని ఫొటోల రెండో ప్రతి దాచుకోవడానికి వాడుకోవచ్చు.